నల్ వేరు, సున్నా వేరు

పక్షవాతం వచ్చి మా మామ్మకి మాట పడిపోయింది. భీమడోలు నుంచి ఏలూరు తీసుకెళ్ళి ఒక ఆసుపత్రిలో చేర్చాం. కేస్ షీట్లో రోజూ "నొప్పి: 0" అని రాసేవారు. ఎందుకంటే "నొప్పిగా ఉందా?" అని అడిగితే ఆవిడ ఏమీ అనలేదు కాబట్టి! మూడో రోజు మా మేనత్త వచ్చి చూసి, "అమ్మ ఊరికే దుప్పటి అంచు పీకుతోంది, ఎక్కడో బాధగా ఉందిరా" అంది. తీరా చూస్తే మూత్రం గొట్టం మూసుకుపోయి పొట్ట ఉబ్బిపోయి ఉంది.

డేటాబేసులతో వేగేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. నల్ వేరు, సున్నా వేరు. జవాబు రాలేదంటే నొప్పి లేదని కాదు. నొప్పిని అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం 2020లో నిర్వచనాన్ని సవరించినప్పుడు ఇదే మాట స్పష్టంగా రాసింది.

దీనికి మనవాళ్ళు చెప్పే మందు సెన్సర్లు. చేతికి పట్టీ కడితే గుండె వేగం, చెమటని బట్టి చర్మంలో కరెంటు ప్రవహించే తీరు కొలిచి నొప్పి ఎంతో చెప్తుందట. ఆలోచన మంచిదే. కానీ అది కొలిచేది నొప్పిని కాదు, శరీరం పడే కంగారుని. జ్వరం, భయం, ఉక్కపోత... అన్నిటికీ ఇవి మారతాయి. మే నెలలో కరెంటు పోతే భీమడోల్లో ఎవరి చెయ్యి పొడిగా ఉంటుంది చెప్పండి :)

అదైతే ఉత్తుత్తి అలారం, ఫర్లేదు. అసలు భయం రెండో వైపు. బీటా బ్లాకర్లు వాడేవాళ్ళకి నొప్పి ఉన్నా గుండె వేగం అంతగా పెరగదు. ఏళ్ళ తరబడి షుగరుతో నరాలు దెబ్బతింటే చేతులకీ కాళ్ళకీ చెమట తగ్గిపోతుంది. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి బీపీ, షుగరు మామూలే కదా. మరి ఇలాంటి ప్రోగ్రాములకి నేర్పడానికి బాగా వాడే బయోవిడ్ డేటా ఏమో, జర్మనీలో 18-65 ఏళ్ళ ఆరోగ్యవంతులకి వేడి తగిలించి సేకరించినది. దాంతో నేర్చుకున్న పట్టీ మా మామ్మకి కడితే మళ్ళీ "0" చూపించొచ్చు. ఈసారి ఆ సున్నాకి యంత్రం సాక్ష్యం కూడా ఉంటుంది. మేనత్త మాట ఎవరు వింటారప్పుడు?

అందుకే నేననేది ఒకటే. పట్టీ "వెళ్ళి చూడండి" అనొచ్చు, "నొప్పి లేదు" అనకూడదు. చూడ్డానికి పద్ధతులూ ఉన్నాయి. మతిమరుపు ముదిరినవాళ్ళ కోసం 2003లో వచ్చిన పెయినాడ్‌లో ఊపిరి, మూలుగు, ముఖం, ఒంటి కదలిక, ఓదారిస్తే కుదుటపడడం - ఒక్కోదానికి 0 నుంచి 2. మొత్తం పది మార్కులు, ఒక కాగితం, అయిదు నిమిషాలు.

రేపు ఆ సాఫ్టువేరు రాసేది మనలో ఎవరో ఒకరే. దయచేసి ఆ కాలమ్‌కి డిఫాల్టుగా సున్నా పెట్టకండి.