సిలిండర్‌కి షీట్ ఉంది, మ్యాన్‌హోల్‌కి లేదు



కెమిస్ట్రీ చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ల్యాబ్‌కి వచ్చే ప్రతి కెమికల్‌కీ ఒక సేఫ్టీ డేటా షీట్ ఉంటుంది. మొత్తం 16 సెక్షన్లు. ఈసారి 11వ సెక్షన్ తెరవండి. విషం లెక్క అక్కడుంటుంది.

ఎల్‌డీ50 అంటే ప్రయోగంలో సగం జంతువులు చచ్చిపోయే మోతాదు. కిలో బరువుకి ఇన్ని మిల్లీగ్రాములని రాస్తారు. పీల్చే వాయువైతే ఎల్‌సీ50, గాలిలో ఎంత, ఎన్ని గంటలు అని. అంకె చిన్నదయ్యే కొద్దీ విషం పెద్దది. దీన్ని తిరగేసి అర్థం చేసుకునేవాళ్ళు ఉంటారు, జాగ్రత్త. ఇంకోటి, ఎక్కడైనా ‘డేటా లేదు’ అని ఉంటే ప్రమాదం లేదని కాదు. ఫలితం చేతిలో లేదని మాత్రమే. మన చావుల గురించి సర్కారు ‘డేటా లేదు’ అన్నా అర్థం అదే.

ఇప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ షీట్ తీయండి. మురుగు కుళ్ళితే పుట్టే వాయువు ఇది. ఎలుకలకి 4 గంటల ఎల్‌సీ50 444 పీపీఎం అని చాలా షీట్లలో ఉంటుంది. ఆ అంకె చూసి 4 గంటల టైముంది కదా అనుకుంటే ప్రాణం పోతుంది. కుళ్ళిన గుడ్ల కంపు 1 పీపీఎం కంటే తక్కువున్నా ముక్కుకి తెలుస్తుంది. 100 పీపీఎం దగ్గర కొద్ది నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారి కంపు మాయమవుతుంది. 700 దాటితే ఒకటి రెండు ఊపిర్లకే మనిషి పడిపోవచ్చు. ‘వాసన పోయింది, ఇక దిగు’ అని పైనుంచి ఎవరైనా అంటే అది మరణశిక్షే. పడిపోయినవాడి కోసం అన్నో తమ్ముడో వెనకే దూకుతాడు. ఒకే గుంతలో ఇద్దరు ముగ్గురు పోయేది ఇలాగే. మొహానికి కట్టుకున్న తుండుగుడ్డ ఏ వాయువునీ ఆపదు.

ఇదే వాయువుని సిలిండర్‌లో నింపి అమ్మితే షీట్ వస్తుంది, పుర్రె గుర్తు వస్తుంది. 1989 ప్రమాదకర రసాయనాల రూల్స్ ఆ షీట్‌ని తప్పనిసరి చేశాయి. అంతకుముందే, భోపాల్ తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, తన ఆరోగ్యానికి సంబంధించిన సమాచారం అడిగే హక్కు కార్మికుడికి ఇచ్చారు. మ్యాన్‌హోల్ ఫ్యాక్టరీ కాదు. అందులో వాయువుని ఎవరూ అమ్మరు. కాబట్టి షీట్ లేదు. దిగేవాడి కులం ఏదో అందరికీ తెలుసు కాబట్టి, లేదేమని అడిగేవాడూ లేడు.

అక్కడ కాగితం చచ్చాకే వస్తుంది. 2014లో సుప్రీంకోర్టు 10 లక్షల పరిహారం ఇవ్వమంది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. 2013 చట్టం రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాల్వల్లోకి దింపడాన్ని నేరం చేసింది. దిగే ముందు గ్యాస్ మీటర్ రీడింగ్ రాసిన కాగితం మీ ఊళ్ళో ఎప్పుడైనా చూశారా?

సెమినార్ పేపర్లు తర్వాత రాసుకోవచ్చు. ముందు మ్యాన్‌హోల్‌కి ఒక షీట్ రాయండి, తెలుగులో, ఒక్క పేజీ. 4వ సెక్షన్, ప్రథమ చికిత్స, పెద్దక్షరాల్లో ఉండాలి: గాలి సిలిండర్ మాస్కు లేకుండా కాపాడటానికి కూడా దిగొద్దు. 8వ సెక్షన్‌లో ఎనిమిది గంటల పనికి మన చట్టం పెట్టిన పరిమితి, 10 పీపీఎం. దాన్ని తీసుకెళ్ళి మున్సిపల్ ఆఫీసులో ఇచ్చి రశీదు అడగండి. ఒక కాపీ బస్తీలో చదివి వినిపించండి.