హేతువు ఎవరి సొత్తు?

ఖాజీపేట అనగానే చాలామందికి వరంగల్ పక్కనున్న రైల్వే జంక్షన్ గుర్తుకొస్తుంది. అక్కడి ఫాతిమా నగర్‌లో పెద్ద కెథడ్రల్ కూడా ఉంది. నేను రాస్తున్నది ఆ ఊరి గురించి కాదు. కడప నుంచి మైదుకూరు పోయే దారిలో ఉన్న ఖాజీపేట గురించి. కె.సి. కాలువ నీళ్లతో వరి, పసుపు పండే ప్రాంతం. ఇక్కడ నేను తిరిగిన పల్లెల్లో కతోలికులంటే దాదాపుగా మాల, మాదిగ వాడల్లోని వ్యవసాయ కూలీలే. పసుపు తవ్వేది, ఉడకబెట్టేది, ఎండబెట్టేది ఎక్కువగా ఆడవాళ్లు. అమ్మి డబ్బు లెక్కపెట్టుకునేది వేరెవరో.

అలా పసుపు ఉడకబెట్టే రోజుల్లోనే ఒక వాడలో, ఆదివారం పూజ ముగిసి ఫాదర్ వెళ్లిపోయాక, గుడి అరుగు మీద కూర్చున్న ఒకామె నన్ను అడిగింది. "మేడమ్, మీరు శానా సదువుకున్నోళ్లు. ఇద్దరు బిడ్డలైనాక నేను ఆపరేషన్ చేయించుకుంటి. అది పాపమంట. మూడో బిడ్డకు యాడ నుంచి తెచ్చి పెట్టాల అని లెక్కేసుకోని చేయించుకుంటి. నా లెక్క తప్పా? ఆయప్పకు ఏమీ చెప్పని దేవుడు నాకొక్కదానికే చెప్పినాడా?"

ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ జవాబు కోసం చేస్తున్న ప్రయత్నమే.

ఆమె అడిగింది కుటుంబ నియంత్రణ గురించిన ప్రశ్న మాత్రమే కాదు. విశ్వాసానికీ హేతువుకూ ఉన్న సంబంధం ఏమిటని కతోలిక మేధావులు శతాబ్దాలుగా చేస్తున్న చర్చలో ఆమె నేరుగా అడుగుపెట్టింది. ఆమె వాడిన 'లెక్క' అనే మాటకు గ్రంథాల్లో ఉన్న పేరు హేతువు.

కతోలిక ఆలోచనా సంప్రదాయాన్ని మనం గుడ్డి నమ్మకమని కొట్టిపారేయడం సరికాదు. హేతువును శత్రువుగా చూసే మత ధోరణుల నుంచి ఈ సంప్రదాయం తనను తాను వేరు చేసుకుంది. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ క్రైస్తవేతరుడైన అరిస్టాటిల్‌ను గురువుగా చేసుకుని వేదాంతం రాశాడు. దేవుడున్నాడన్న సంగతిని మానవ హేతువు తన వెలుగుతోనే తెలుసుకోగలదని 1870లో మొదటి వాటికన్ సభ ప్రకటించింది. ఆధునిక ప్రపంచపు ఆశలనూ ఆందోళనలనూ తనవిగా స్వీకరించాలని 1965లో రెండవ వాటికన్ సభ నిర్ణయించుకుంది. 1998లో రెండవ జాన్ పాల్ పోపు 'ఫీదేస్ ఎత్ రాసియో' అనే విశ్వలేఖలో విశ్వాసం, హేతువు ఒకదానికొకటి అవసరమనీ, హేతువును వదిలిన విశ్వాసం మూఢనమ్మకంగా దిగజారే ప్రమాదం ఉందనీ వాదించాడు.

నైతిక సత్యాలు ప్రకృతిలోనే ఉన్నాయనీ, వాటిని గ్రహించే శక్తి మనుషులందరికీ ఉందనీ ఈ సంప్రదాయం చెబుతుంది. దీన్నే సహజ ధర్మం అంటారు. నిజానికి ఇది చాలా ప్రజాస్వామికమైన మాట. మనుషులందరూ అంటే ఖాజీపేట వాడలోని కూలీ స్త్రీ కూడా. కాబట్టి నేను ఈ సంప్రదాయాన్ని బయటి కొలబద్దతో కొలవడం లేదు. అది ఇచ్చిన మాటనే పట్టుకుని అడుగుతున్నాను. ఇన్ని శతాబ్దాల్లో ఎవరి ఆలోచనను మీరు హేతువుగా లెక్కించారు?

పండితుడి పక్కన పీట

మన తెలుగు నేల మీద ఈ ప్రశ్నకు పాత చరిత్రే ఉంది. 1606లో మదురై చేరిన రోబర్టో డి నోబిలి సన్యాసి వేషం వేసి, బ్రాహ్మణ పండితులతో తర్కించి క్రైస్తవం చెప్పాడు. ఆ మిషన్‌లో కింది కులాల వారికి వేరుగా ఫాదర్లుండేవారు. 18వ శతాబ్దంలో తెలుగు ప్రాంతంలో పనిచేసిన కేర్దూ అనే ఫ్రెంచి జెస్విట్ సంస్కృతానికి లాటిన్, గ్రీకు భాషలతో చుట్టరికం ఉందని 1767లో పారిస్ పండితులకు రాసి పంపాడు. విలియం జోన్స్ అదే సంగతి కలకత్తాలో చెప్పడానికి అప్పటికింకా 19 ఏళ్లుంది. అదే శతాబ్దంలో మంగళగిరి ఆనంద కవి క్రీస్తు కథను 'వేదాంత రసాయనం' పేరుతో తెలుగు కావ్యంగా రాశాడు.

ఇవి చిన్న విషయాలు కావు. పరాయి దేశపు ఆలోచనతో సమానంగా కూర్చుని మాట్లాడాలన్న మర్యాద వాటిలో ఉంది. అయితే ఆ మర్యాద దక్కింది ఎవరికి? పీట వేసింది పండితుడికి. సంస్కృతం చదివే హక్కు లేని కులాల వారికీ, ఏ భాషా చదివే హక్కు లేని స్త్రీలకూ దక్కింది జ్ఞానోపదేశం మాత్రమే. వాళ్లు వినాలి, వల్లించాలి. వాళ్లతో వాదించాలని ఎవరికీ తోచలేదు. 1998 నాటి విశ్వలేఖ కూడా భారతదేశాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించి, ఇక్కడి తాత్విక వారసత్వం నుంచి తమ విశ్వాసానికి పొసిగేది గ్రహించడం ఇక్కడి క్రైస్తవుల బాధ్యత అంది. ఏ వారసత్వం? కులాన్ని ధిక్కరించిన ఆలోచన కూడా ఈ దేశపు తాత్వికతే అన్న స్పృహ అక్కడ కనిపించదు.

అదే లేఖలో హేతువునూ విశ్వాసాన్నీ కలిపిన ఆధునిక పాశ్చాత్య తాత్వికుల జాబితాలో ఒక స్త్రీ పేరుంది. ఆమె ఎడిత్ స్టైన్. యూదు కుటుంబంలో పుట్టి కతోలికురాలైన ఈ జర్మన్ తాత్వికురాలికి స్త్రీ అయినందుకే విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవికి దారి మూసేశారు. 1942లో నాజీలు ఆష్విట్జ్‌లో చంపేశారు. 1998లోనే ఆమెకు పునీత పట్టం దక్కింది. పీఠం మీద నిలబెట్టి దండం పెట్టడం సులువు. తరగతి గదిలో కుర్చీ ఇవ్వడమే కష్టం.

ఎవరి శరీరం, ఎవరి తర్కం

ఇప్పుడు ఆపరేషన్ సంగతికి వద్దాం. కృత్రిమ గర్భనిరోధం తప్పని చెప్పే విశ్వలేఖ 'హుమానే వీతే'ను 1968 జూలైలో ఆరవ పాల్ పోపు వెలువరించాడు. అంతకు ముందు ఈ విషయం పరిశీలించడానికి ఒక కమిషన్ పనిచేసింది. అందులో వివాహిత స్త్రీలు కూడా కొద్దిమంది ఉన్నారు. అమెరికాకు చెందిన పాటీ క్రౌలీ, ఆమె భర్త కలిసి ఎందరో కతోలిక దంపతుల నుంచి ఉత్తరాలు తెప్పించి కమిషన్ ముందుంచారు. పాత బోధనను మార్చవచ్చని 1966లో కమిషన్‌లో ఎక్కువమంది అభిప్రాయపడ్డారు. పోపు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చాడు.

సత్యం ఓట్లతో తేలేది కాదని ఫాదర్లు అంటారు. నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ వాళ్లు చెబుతున్నది త్రిత్వ రహస్యం గురించి కాదు. ప్రకృతిని చూసి హేతువుతో గ్రహించామంటున్న సంగతి గురించి. ప్రకృతి నుంచి తెలుసుకున్నామని చెప్పేవాళ్లు, ఆ ప్రకృతి ఎవరి శరీరంలో నడుస్తున్నదో వాళ్లను అడగకుండా ఎలా తెలుసుకున్నారు? నెలసరి, గర్భం, కాన్పు, గర్భస్రావం, రాత్రిపూట భర్త బలవంతం, ఇవన్నీ సాక్ష్యాలు. సాక్ష్యం వినకుండా ఇచ్చే తీర్పుకు సహజ ధర్మమని పేరు పెట్టినంత మాత్రాన అది హేతువు అయిపోదు. బ్రహ్మచారులైన పురుషులు తమలో తాము మాట్లాడుకున్న తర్కంగానే మిగులుతుంది.

ఒక్క చర్చినే తప్పుపట్టి ఊరుకుంటే అది సగం నిజమే అవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ప్రస్తుతం వివాహబంధంలో ఉన్న 15-49 ఏళ్ల స్త్రీలలో 69.6 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నారు. మగవాళ్ల ఆపరేషన్లు 0.4 శాతం. హేతువాదిగా, ఆధునికంగా చెప్పుకునే ప్రభుత్వం చేసిన పని ఇది. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులని 1994లో చట్టం చేసింది. 2024 నవంబరులో ఆ నిబంధన ఎత్తేసి, జనాభా తగ్గిపోతోంది, ఎక్కువమందిని కనండి అంటోంది. నిన్న కోసుకోమన్నారు, నేడు కనమంటున్నారు. పీఠం ఒకటి పాపమంది, ప్రభుత్వం ఒకటి లక్ష్యమంది. ఆమెను అడిగిందెవరు?

1985లో మెదక్ జిల్లా పటాన్‌చెరులో నెట్-ఎన్ ఇంజెక్షన్ ప్రయోగాన్ని స్త్రీ శక్తి సంఘటన అడ్డుకున్నప్పుడు, ఆ మరుసటి ఏడు సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, స్త్రీవాదులు లేవనెత్తిన ప్రశ్న ఇదే. కొందరు చర్చి పెద్దలు మేమూ గర్భనిరోధకాలను వ్యతిరేకించాం కదా, మనం ఒకే వైపున్నాం అంటుంటారు. కాదు. చర్చి అభ్యంతరం స్త్రీ ఆ పని చేయకూడదని. మన అభ్యంతరం స్త్రీకి చెప్పకుండా, ఆమె సమ్మతి తీసుకోకుండా చేశారని. ఈ రెంటి మధ్య దూరం చాలా ఉంది.

మాట్లాడే చోటు

కులం విషయంలో చర్చి తన తప్పు ఒప్పుకోవడం కొంత మొదలుపెట్టింది. 2016 డిసెంబరులో భారత కతోలిక బిషప్పుల సమాఖ్య ప్రకటించిన దళిత సాధికారత విధానం, దేశంలోని సుమారు 1.9 కోట్ల కతోలికుల్లో 1.2 కోట్ల మందికి పైగా దళితులేననీ, సభలో అంటరానితనం ఇంకా ఉందనీ రాసుకుంది. ఆ ఏప్రిల్‌లోనే దళితుడైన కడప బిషప్‌ను అపహరించి హింసించారు. అరెస్టయిన వారిలో ఫాదర్లు కూడా ఉన్నారు. బిషప్ అయినా కులం వదల్లేదు. 1992లో కడప మేత్రాసనంలో గురుపట్టం పొందిన పూల ఆంథోనీ 2022లో తొలి దళిత కార్డినల్ కావడం మనందరికీ సంతోషమే. కానీ ఆ దారి మగవాడికే ఉంది. స్త్రీలకు గురుత్వం ఇచ్చే అధికారం సభకు లేదని 1994లో పోపు ప్రకటించి చర్చను మూసేశాడు.

చట్టం వైపు చూసినా అంతే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవారికే షెడ్యూల్డు కులాల హోదా. క్రైస్తవురాలైన మాదిగ స్త్రీ మన రాష్ట్రంలో బి.సి.-సి. ఇది మార్చాలని 2023 మార్చిలో శాసనసభ తీర్మానం చేసింది. ఉత్తర్వు మారలేదు. అందుకే బడిలో ఒక మతం, గుడిలో ఒక మతం రాయించుకుని బతికే కుటుంబాలున్నాయి. దీన్ని అబద్ధమని నిందించే ముందు, నిజం చెప్పినవాళ్ల నుంచి హక్కు లాక్కునే చట్టాన్ని నిందించాలి.

మాట్లాడే చోటు లేకపోతే ఏమవుతుందో 2018 సెప్టెంబరులో చూశాం. ఒక బిషప్ మీద అత్యాచారం ఆరోపణ చేసిన సిస్టర్‌కు అండగా ఐదుగురు సిస్టర్లు కొచ్చిలో వీధిలో కూర్చోవలసి వచ్చింది. 2022 జనవరిలో కింది కోర్టు ఆయన్ను నిర్దోషి అంది. తీర్పు సంగతి అలా ఉంచితే, జీవితమంతా సభకు ఇచ్చిన స్త్రీల మాట వినడానికి సభ లోపల చోటే లేకపోవడం మీద ఏ కోర్టు తీర్పు చెబుతుంది? 2023 అక్టోబరులో రోమ్ సినడ్‌లో తొలిసారి స్త్రీలు ఓటు వేశారు. మంచిదే. ఆ ఓటు ఖాజీపేట గుడి అరుగు దాకా ఎప్పుడొస్తుంది?

మన సంగతి

ఇక మన వైపు. స్వచ్ఛంద సంస్థల్లో, స్త్రీల సంఘాల్లో పనిచేసే మనలో చాలామందిమి హేతువాద వాతావరణంలో పెరిగాం. వాడలో స్త్రీ జపమాల పట్టుకుంటే అది అజ్ఞానమనీ, మన శిక్షణా తరగతికి వస్తే అది చైతన్యమనీ రాసుకున్నాం. నివేదికల్లో ఆమె 'లబ్ధిదారు'. ఫాదర్ ఆమె లెక్కను పాపమన్నాడు, మనం ఆమె ప్రార్థనను మౌఢ్యమన్నాం. ఇద్దరమూ ఆమెకు ఆలోచించే శక్తి లేదనే అనుకున్నాం. అరుగు మీద ఆమె నన్ను అడిగిన ప్రశ్నలో దేవుడూ ఉన్నాడు, లెక్కా ఉంది. రెంటినీ విడదీయమని ఆమె అడగలేదు. దేవుడు న్యాయంగా ఉండాలని అడిగింది. హేతువుతో కూడిన విశ్వాసం అంటే అంతకంటే ఏం కావాలి?

తెలుగు కతోలికులు పారిష్‌ను 'విచారణ' అంటారు. మంచి మాట. విచారించడం ఫాదర్ ఒక్కడి పని కాకూడదు. పెళ్లి, పిల్లలు, శరీరం గురించి విచారణల్లో చెప్పే ప్రతి బోధనా ముందు స్త్రీల సభలో చర్చకు రావాలి. ఉపదేశి పనిని స్త్రీలకూ జీతంతో ఇవ్వాలి. ఫిర్యాదు వినే సంఘంలో బయటి స్త్రీలుండాలి. మగవాళ్ల ఆపరేషన్ గురించి ప్రభుత్వం, మగవాళ్ల బాధ్యత గురించి గుడి మాట్లాడాలి. మనం కూడా మన శిక్షణా తరగతుల్లో ఆమె నమ్మకాన్ని తలుపు బయట విడిచి రమ్మనడం మానాలి.

నీ లెక్క తప్పు కాదక్కా. నిన్ను లెక్కలోకి తీసుకోని వాళ్ల లెక్కే తప్పు. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇది. మళ్లీ పసుపు ఉడికే రోజులకు ఖాజీపేట వెళ్లి, ఆ అరుగు మీదే కూర్చుని ఆమెకు చెబుతాను.