జామీను కన్నా సలహా మిన్న

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పత్తి డబ్బు చేతికందే రోజుల్లోనూ, వలస వెళ్లినవారు ఇల్లు చేరే వేళల్లోనూ, రంజాన్ నెలలోనూ దుకాణాలు కిటకిటలాడతాయి. అవసరానికి కొనడం తప్పు కాదు. కానీ ఇల్లు కదిలేటప్పుడు మనసులో లేని వస్తువు, తిరిగివచ్చేటప్పుడు వాయిదాల మీద చేతిలో ఉంటే ఆలోచించవలసిందే.

ఈ తొందర దానంతటదే పుట్టదు. 'ఈ రోజే ఆఖరు', 'రెండే మిగిలాయి' అంటూ పుట్టిస్తారు. ఆన్‌లైన్ అమ్మకాల్లో 13 రకాల మాయోపాయాలను నిషేధిస్తూ 2023 నవంబరులో వెలువడిన కేంద్ర మార్గదర్శకాల్లో ఇలా లేని తొందర కల్పించడం కూడా ఉంది. 'సున్నా వడ్డీ' సంగతీ అంతే. క్రెడిట్ కార్డు వాయిదాల్లో వడ్డీని రుసుము పేరుతో దాచి వసూలు చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే ఎత్తిచూపింది. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబాలు ఇది గమనించాలి.

మిత్రుడు కొంటుంటే 'ఆయన డబ్బు, మనకెందుకు' అని ఊరుకుంటాం. అదే మిత్రుడు జామీను సంతకం అడిగితే మొహమాటంతో పెట్టేస్తాం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. సంతకం చేయకపోయినా చిక్కు తప్పకపోవచ్చు. 2020 డిసెంబరులో తెలంగాణలో బయటపడిన రుణ యాప్‌ల కేసుల్లో, బాకీదారుల ఫోన్లలోని నంబర్లు తీసుకుని బంధుమిత్రులకు సందేశాలు పంపి పరువు తీశారు. అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్నవారూ ఉన్నారు. రుణ యాప్‌లు ఫోన్‌లోని నంబర్ల జాబితా జోలికి పోరాదని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది. అప్పు తీసుకున్నాక మనసు మారితే జరిమానా లేకుండా వెనక్కి ఇచ్చేందుకు కొంత గడువు కూడా ఉండాలన్నది.

ఆ గడువేదో కొనకముందే ఇప్పించగలవాడు మిత్రుడు. నలుగురిలో ఎగతాళి చేస్తే పట్టుదల పెరుగుతుంది. పక్కకు పిలిచి అడగాలి: ఇది లేక నిన్నటిదాకా ఏ పని ఆగింది? వాయిదాలన్నీ కలిపితే ఎంతవుతుంది? ఇంట్లో మష్వరా చేశారా? ఆపైన 'రేపు వద్దాం, మేమూ తోడు వస్తాం' అనాలి. మర్నాడూ అవసరమే అనిపిస్తే సంతోషంగా వెంట వెళ్లాలి.

మరొక మాట. పెళ్లిళ్లలో, పండుగల్లో ఎదుటివారి బట్టలనూ బండ్లనూ మెచ్చుకునే మన నోరే చాలామందిని అప్పులకు పురికొల్పుతోంది. పిసినారితనానికీ దుబారాకూ నడుమ బాటను మన ధర్మం చూపింది. ఆ బాటలో నడిచేవారిని కూడా మెచ్చుకుందాం.