టమాటా మొక్కలు పీకేశాం

పోయిన ఏప్రిల్‌లో మా కాలనీ తోటలో టమాటా మొక్కలన్నీ మేమే పీకేశాం. పిందెలున్న మొక్కలు. పీకుతుంటే నాకు ఏడుపొచ్చింది, దాచడమెందుకు.

మాది అనంతపురం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ కరుణిస్తే. ఇలాంటి ఊళ్లో కాలనీ వెనక ఖాళీ జాగాలో ఆరిళ్ల ఆడవాళ్లం కలిసి కూరగాయల తోట మొదలుపెట్టాం. మందు కొట్టని కూర పిల్లలకి పెట్టాలని ఆశ. ఫోన్లో మిద్దెతోటలు చూసిన మోజు కూడా ఉందనుకోండి. టమాటా, క్యాబేజీ, కీర, పాలకూర అన్నీ వేశాం. చలికాలమంతా బాగానే కాశాయి. మార్చి వచ్చేసరికి బోరు సన్నగిల్లింది, ట్యాంకర్లు మొదలయ్యాయి. మేం మాత్రం పైపు పట్టుకుని రెండు పూటలా తడుపుతూనే ఉన్నాం.

ఒకరోజు చివరింటి అక్క వచ్చి నిలదీసింది. "ఏమ్మా, ట్యాంకరుకి దుడ్లు అందరం ఏసుకుంటాండాం. మా ఇంట్లో ముసలోళ్ల స్నానానికి చెంబులు లెక్కపెట్టుకుంటాంటే, మీరు ఆ నీళ్లు టమాటాలకి పోస్తాండారా?"

మాలో ఒకామె ఆ రోజంతా అక్కని ఆడిపోసుకుంది. నాకు మాత్రం ఆమె మాటలో తప్పు కనపడలేదు. అందరి డబ్బుతో కొన్న నీళ్లు పోసి నాలుగు టమాటాలు పండించి, దానికి ప్రకృతి సేద్యమని పేరు పెట్టుకుని ఫోటోలు తీసుకున్నాం. కరువు ఊళ్లో ముందు నీళ్ల లెక్క చూసుకుని తర్వాత విత్తనం ఎంచుకోవాలి. మేం తలకిందులుగా చేశాం. మా అవ్వకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. శెనక్కాయ చేలో సాళ్ల మధ్య కంది, అలసంద వేసుకునేది. బీఏ దాకా చదివిన నేను ఆన్‌లైన్‌లో కీర విత్తనాలు కొన్నాను!

ఇప్పుడు తోటకి పైపు లేదు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లే, ఇంటికొక బకెట్. సబ్బునీళ్లు వద్దనుకున్నాం. వాటర్ ఫిల్టర్ బయటికి వదిలే నీళ్లు కొన్నాళ్లు పోసి చూశాం. అసలే బోరు నీళ్లలో ఉప్పు, ఫిల్టర్ వదిలేదాంట్లో అది ఇంకా ఎక్కువ. కరివేపాకు కొసలు మాడిపోయాయి. అప్పట్నుంచి అవి ఇల్లు తుడవడానికీ బాత్రూముకీ. మొక్కల పక్కన మట్టికుండలు మెడ దాకా పాతి, నీళ్లు నింపి మూతలు పెట్టాం. కుండ చెమ్మగిల్లి వేళ్లకి మెల్లగా అందుతుంది, పైన పోసినట్టు ఎండకి ఆవిరైపోదు. మొదళ్ల చుట్టూ శెనక్కాయ పొట్టు పరిచాం. మాకు నీళ్లకే గానీ ఆ పొట్టుకేం కరువు లేదు. మునగ, కరివేపాకు, గోంగూర, అలసంద, మటిక్కాయలు (గోరుచిక్కుళ్లని మా వైపు అలా అంటాం) ఉన్నాయి. క్యాబేజీ తినాలనిపిస్తే బజారుకెళ్తాం.

ఇంకొక మాట. ఈ బకెట్లు మొదట్లో మోసిందంతా ఆడవాళ్లమే. "మీకు మంచి కాలక్షేపం" అనేవాళ్లు మగవాళ్లు. కాలక్షేపానికి నడుం పట్టేస్తుందా, మీరే చెప్పండి. మా ఇంట్లో ఇప్పుడు సాయంత్రం బకెట్ మా అబ్బాయిది, ఆదివారం ఆయనది. గొణుక్కుంటూనే మోస్తారు.

అంతా కుదురుకుందనుకుంటే, తోట తీసేసి లాన్ వేద్దామని కాలనీలో కొందరు బయల్దేరారు. చూడ్డానికి బాగుంటుందట. కోసుకు తినడానికి లేని గడ్డికి రోజూ నీళ్లు పోయడం ఈ ఊళ్లోనా! ఆ డబ్బేదో పెట్టి మిద్దెల మీద పడే వాన నీళ్లని తొట్టెలోకి మళ్లించమంటాను నేను. నాది తెలుగు బీఏ కాబట్టి లెక్క మా అమ్మాయి చేసిపెట్టింది. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఏడాదికి పడే వాన దాదాపు 50 వేల లీటర్లు. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు పది. అందులో సగం పట్టుకున్నా ఐదు ట్యాంకర్ల దుడ్లు మిగిలినట్టే.

ఈ ఆదివారమే మీటింగు. లెక్క కాగితం మడిచి పర్సులో పెట్టుకున్నాను. చివరింటి అక్క నా పక్కనే కూర్చుంటానంది. ఈమధ్య ఆమె కూడా బియ్యం నీళ్లు తెచ్చి పోసి మునగాకు కోసుకెళ్తోంది. లాన్ కావాలనే వాళ్లలో మా ఆయన స్నేహితుడు ఒకాయన ఉన్నారు. అందుకని మా ఇంటి ఓటే ఇంకా తేలలేదు.