పట్నం చదువులు - లెక్కకు రాని చేతిఖర్చు

హిందూపురం: ఇక్కడి నుండి బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్లు. పెనుకొండ, ధర్మవరం కూడా ఆ రైలు మార్గంలోనే ఉన్నవి. అందువలన ఈ ప్రాంతపు పిల్లలు పలువురు అక్కడి కళాశాలలలో చేరుతున్నారు. ఫీజు, హాస్టలు ఖర్చు ముందే తెలుస్తుంది. తెలియనిది చేతిఖర్చే.

సిటీబస్సు, జిరాక్సు, టీ, టిఫిను, ఫోను రీచార్జి నెలనెలా తప్పవు. ఇంటి రాబడి మాత్రం నెలనెలా రాదు. వానమీద ఆధారపడిన వేరుశనగ రైతుకు పంట ఏడాదికి ఒక్కటే. ధర్మవరం నేత కార్మికునికి చీర నేసి అప్పగిస్తేనే కూలి. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

రాష్ట్రంలోని కళాశాలల విద్యార్థులకు 2020లో నాటి ప్రభుత్వం 'వసతి దీవెన' ప్రారంభించినది. డిగ్రీవారికి అప్పట్లో ఏడాదికి 20 వేలు ఇచ్చేవారు. నెలకు పంచితే 1,667 రూపాయలు. అదీ వసతి, భోజనాల కొరకే. చేతిఖర్చు భారం ఇంటిదే.

నెలకు 3 వేల చొప్పున పది నెలలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పంపితే, పదవ నెలాఖరుకు అసలు 30 వేలు, వడ్డీ 3,300. ఒక నెల ఖర్చుకు మించిన సొమ్ము వడ్డీకే పోయినట్లు.

2016లో యు.పి.ఐ. వచ్చిన తరువాత అడిగినప్పుడల్లా 200, 500 పంపడం సులువైనది. మొత్తం ఎంతయినదో తండ్రికీ తెలియదు, బిడ్డకూ తెలియదు. పంట అమ్మిన నాడు, కూలి అందిన నాడు కొంత విడిగా దాచి, ఒకటవ తేదీన ఒకేసారి పంపితే ఇద్దరికీ లెక్క తెలుస్తుంది. ఇంటి రాబడి ఎంతో, అప్పు ఎంతో బిడ్డలకు దాచక చెప్పవలసి ఉన్నది. తెలిసిన బిడ్డ ఖర్చు చేసే ముందు ఆలోచిస్తాడు.