నాన్న రైఫిలు, ఆరు రాష్ట్రాల దారి

అమెరికాలో తుపాకీ అన్న మాట ఎత్తితే చాలు, ఉండాలనేవాళ్ళు ఓ పక్కకి, వద్దనేవాళ్ళు ఓ పక్కకి చేరిపోతారు. నేను ఆ గొడవ జోలికి పోవట్లేదు. నా మటుకు నాకు తుపాకులంటే ఇష్టం లేదు, ఇంట్లో పెట్టుకోవాలన్న సరదా అంతకన్నా లేదు. నా బాధల్లా వేరే. చట్టాన్ని పాటిద్దామనుకునే మనిషికి ఆ చట్టం ఏం చెప్తోందో ముందుగా తెలియాలి కదా? తప్పు చేశావో లేదో అరెస్టయ్యాక చెప్తాం అంటే ఎలా?

సంగతేంటంటే, మా టీములో ఓ అమెరికన్ మిత్రుడున్నాడు. ఉండేది న్యూజెర్సీలోనే. ఈ మధ్య వాళ్ళ నాన్నగారు టెనెస్సీలో పోయారు. ఆయన జింకల వేటకి వాడిన పాత రైఫిలు వీలునామాలో కొడుక్కి రాశారు. వీడు దాంతో వేటకేం వెళ్ళడు, అది నాన్న చెయ్యి పడ్డ వస్తువు, అంతే. కార్లో తెచ్చుకుందామనుకున్నాడు. నాక్స్‌విల్ నించి ఇక్కడికి సుమారు 700 మైళ్ళు. టెనెస్సీ, వర్జీనియా, వెస్ట్ వర్జీనియా, మేరీలాండ్, పెన్సిల్వేనియా, న్యూజెర్సీ... వెరసి ఆరు రాష్ట్రాలు. "ఒక్కణ్ణే అంత దూరం నడపలేను, నువ్వు కూడా రాకూడదూ" అనడిగాడు. అలా నేను ఈ చట్టాలన్నీ చదవాల్సొచ్చింది.

ముందు వారసత్వం సంగతి చూద్దాం. 1968 నాటి గన్ కంట్రోల్ యాక్టు ప్రకారం, ఒక రాష్ట్రంలో ఉండేవాడు ఇంకో రాష్ట్రంలోని మామూలు మనిషి దగ్గర తుపాకీ తీసుకుని ఇంటికి తెచ్చుకోకూడదు. మధ్యలో లైసెన్సున్న డీలరు ఉండాలి. కానీ వీలునామా ద్వారా గానీ, వీలునామా లేకుండా వారసుడిగా గానీ వస్తే మినహాయింపు ఉంది. సొంత రాష్ట్రంలో అది ఉంచుకోవడం చట్టబద్ధమైతే చాలు. తమాషా ఏంటంటే, ఈ మినహాయింపు చావుకే గానీ ప్రేమకి వర్తించదు. అదే రైఫిలు నాన్న బతికుండగా వేరే రాష్ట్రం కొడుక్కి చేతికిచ్చి పంపిస్తే నేరం, పోయాక వీలునామాలో రాస్తే కాదు!

సరే, వస్తువు మనదైంది. ఇక ప్రయాణం. 1986లో కాంగ్రెస్ ఫైర్‌ఆర్మ్ ఓనర్స్ ప్రొటెక్షన్ యాక్టు అని ఒకటి చేసింది. బయల్దేరే చోట, చేరే చోట నీ దగ్గర తుపాకీ ఉండటం చట్టబద్ధమైతే, దారిలో ఉన్న రాష్ట్రం రూలు ఏదైనా సరే నువ్వు దాటి వెళ్ళొచ్చు అంటుంది. షరతులు కూడా సబబైనవే. తుపాకీలో గుళ్ళు ఉండకూడదు. తుపాకీ గానీ గుళ్ళు గానీ కూర్చున్న చోటి నించి అందకూడదు, అంటే ట్రంకులో ఉండాలి. విడిగా ట్రంకు లేని బండైతే తాళం వేసిన పెట్టెలో పెట్టాలి, గ్లవ్ బాక్సు పనికిరాదు. చదవగానే "భేష్" అనిపిస్తుంది.

మరి చిక్కు ఎక్కడ? మన భాషలో చెప్పాలంటే, స్పెక్ రాసినవాడు అన్నీ సవ్యంగా జరిగే కేసు ఒక్కటే రాశాడు. బండి బయల్దేరింది, బండి చేరింది. మధ్యలో నిద్రొస్తే? బండి చెడిపోతే? ఫ్లైట్ మిస్సయితే? చట్టంలో ఆ మాటే లేదు.

ఇదేదో నా ఊహ కాదు. 2005లో గ్రెగ్ రెవెల్ అనే ఆయన యూటా నించి పెన్సిల్వేనియాలోని ఆలెన్‌టౌన్‌కి విమానంలో బయల్దేరాడు. తుపాకీ తాళం వేసిన పెట్టెలో, గుళ్ళు విడిగా, అంతా డిక్లేర్ చేసి మరీ లగేజీలో ఇచ్చాడు. మధ్యలో న్యూజెర్సీలోని నెవార్క్‌లో దిగేసరికి తర్వాతి ఫ్లైట్ వెళ్ళిపోయింది. చేసేది లేక లగేజీ తీసుకుని ఆ రాత్రి హోటల్లో పడుకున్నాడు. పొద్దున్నే వచ్చి పద్ధతి ప్రకారం మళ్ళీ డిక్లేర్ చేశాడు. అంతే, అరెస్టు! బెయిలు వచ్చేదాకా జైల్లో ఉన్నాడు. తర్వాత కేసు ఎత్తేశారు గానీ, తుపాకీ 2008లో గానీ చేతికి రాలేదు. ఆయన దావా వేస్తే, 2010లో థర్డ్ సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు ఏమందంటే, ఇది ఆయన తప్పు కాదు నిజమే, కానీ హోటల్లో ఉన్న రాత్రి పెట్టె ఆయన చేతికి అందుబాటులో ఉంది కాబట్టి 1986 చట్టం రక్షణ వర్తించదు అంది. లగేజీ తీసుకోకముందే పోలీసులకో ఎయిర్‌పోర్టు వాళ్ళకో చెప్పి, ఆ రాత్రికి వాళ్ళ దగ్గరే ఉంచమని అడగాల్సింది అని కూడా అంది. చట్టంలో ఎక్కడా రాయని పనిని జాగ్రత్తపరుడైతే చేసి ఉండేవాడు అనడం భలే విచిత్రం!

ఇక్కడ న్యూజెర్సీ వైపు వాదన కూడా వినాలి. దక్షిణాది రాష్ట్రాల్లో తేలిగ్గా కొన్న తుపాకులు ఐ-95 రోడ్డు వెంట న్యూయార్క్, న్యూజెర్సీలకి దొంగతనంగా చేరతాయి. ఆ దారికి "ఐరన్ పైప్‌లైన్" అని పేరు కూడా ఉంది. పట్టుబడ్డ ప్రతివాడూ "నేను దాటి వెళ్తున్నానంతే" అంటే పోలీసులేం చెయ్యాలి? న్యాయమైన ప్రశ్నే. కానీ ఒక్క విషయం ఆలోచించండి. దొంగ రవాణా చేసేవాడు కౌంటర్ దగ్గరికెళ్ళి "అయ్యా, నా దగ్గర తుపాకీ ఉంది" అని చెప్తాడా? చెప్పేవాడే దొరుకుతున్నాడు, చెప్పనివాడు పోతున్నాడు. ఇలాగైతే జనం నేర్చుకునే పాఠం ఏంటి? నోరు మూసుకోవడమే!

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కింద ఇచ్చే లైసెన్సు సంపాదించడం గగనం. కానీ అది ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో లైసెన్సు మీదే ఉంటుంది. ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. రూలు కఠినంగా ఉండటం వేరు, గజిబిజిగా ఉండటం వేరు. కఠినమైన రూలుతో నాకు పేచీ లేదు.

అందుకని నా మట్టుకు నేననేది ఇది: చట్టానికి నాలుగు వాక్యాలు కలపండి. భోజనం, పెట్రోలు, రాత్రి బస, బండి రిపేరు, తప్పిపోయిన ఫ్లైట్, ఇవన్నీ ప్రయాణంలో భాగమేనని రాయండి. తాళం వేసి, గుళ్ళు తీసి, తనంతట తాను చెప్పినవాణ్ణి అరెస్టు చెయ్యకుండా, వస్తువు దాచి రశీదు ఇచ్చే ఏర్పాటు ఎయిర్‌పోర్టుల్లో పెట్టండి. దీనివల్ల ఏ రాష్ట్రమూ తన చట్టాన్ని సడలించుకోనక్కర్లేదు.

ఇక మనవాళ్ళ సంగతి. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 మీద ఉన్నవాళ్ళు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. వలసేతర వీసా మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ గుళ్ళు గానీ ఉండటమే ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. 2022 సవరణ తర్వాత శిక్ష 15 ఏళ్ళ దాకా పడొచ్చు. "ఉండటం" అంటే చేతిలో ఉండటమే కానక్కర్లేదు, మన అధీనంలో ఉందని రుజువైతే చాలు. గ్రీన్ కార్డు వస్తే ఈ నిషేధం ఉండదు గానీ, తుపాకీ నేరం మీద పడితే గ్రీన్ కార్డు వాళ్ళని కూడా దేశం నించి పంపించొచ్చు. సుప్రీం కోర్టు దాకా వెళ్ళిన రెహైఫ్ కేసు (2019) చూడండి. అతను కాలేజీ తీసేశాక స్టేటస్ పోయిన విద్యార్థి. షూటింగ్ రేంజికి వెళ్ళి తుపాకీ పేల్చాడు, కేసయింది. తన స్టేటస్ సంగతి అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చెయ్యాలని కోర్టు అంది, నిజమే. కానీ ఆ మాట అనిపించుకోవడానికి సుప్రీం కోర్టు దాకా వెళ్ళాల్సొచ్చింది! వీకెండు సరదాగా రేంజికి పోదాం అనుకునే కుర్రాళ్ళూ, విన్నారా :)

మా మిత్రుడితో ఇదే చెప్పాను. నువ్వు వెనక సీట్లో నిద్రపోతూ, స్టీరింగు దగ్గర నేనుంటే, ట్రంకులో రైఫిలు ఎవరి అధీనంలో ఉన్నట్టు? ఆ ప్రశ్నకి కోర్టులో జవాబు వెతుక్కునే ఓపిక నాకు లేదు, రాలేను అన్నాను. మంచివాడు, నొచ్చుకోలేదు. చివరికి టెనెస్సీలో ఒక డీలరుకి అప్పగించి, న్యూజెర్సీలో ఇంకో డీలరు దగ్గర కాగితాలన్నీ పూర్తిచేసి తీసుకున్నాడు. ఖర్చూ ఆలస్యమూ అయ్యాయి గానీ రాత్రిళ్ళు నిద్రపట్టింది. మీకు తెలిసినవాళ్ళకెవరికైనా ఇలాంటి వారసత్వం వస్తే అదే దారి చెప్పండి, బయల్దేరకముందే ఓ లాయరుతో మాట్లాడమనండి. నిజాయితీపరుడికి చట్టం దారి చూపించనంత కాలం, డీలరు ఫీజే చవక.