దస్తావేజు చూస్తే చాలదు, దూలం కూడా చూడాలి
అప్పుకు భూమి పూచీ. కప్పు కింద ఉన్నవారికి ఎవరు పూచీ?

గుంటూరు: వ్యాపార భవనం మీద అప్పు ఇవ్వవలసి వచ్చినప్పుడు బ్యాంకులు ముందుగా రెండు కాగితాలు అడుగుతాయి. ఆస్తి మీద హక్కు నిక్కచ్చిగా ఉన్నదని న్యాయవాది ఇచ్చే నివేదిక ఒకటి. ఆ ఆస్తి ఎంత ధర పలుకుతుందో నిపుణుడు కట్టే విలువ పత్రం మరొకటి. ఆ భవనంలో సత్తువ ఎంత మిగిలి ఉన్నది, శ్లాబులోని ఇనుము తుప్పు పట్టిందా, కప్పు మరి ఎన్ని వానలకు ఆగుతుంది అనే ప్రశ్నకు మాత్రం చాలా సందర్భాలలో వేరే కాగితం ఉండదు. భవనం వయస్సు ఇంత, ఇంకా ఇన్నేళ్లు నిలుస్తుంది అనే ఒక్క వరుసతో విలువ పత్రంలోనే ఆ విషయం ముగిసిపోతుంది.

ఇది పట్నం షావుకార్ల వ్యవహారం, మనకెందుకని పల్లెవాసులు అనుకోవడం సహజం. అయితే జిల్లాలోని పెద్ద వ్యాపార భవనాలు ఏవని చూస్తే శీతల గిడ్డంగులు, గోదాములు, జిన్నింగు మిల్లులు, రైసు మిల్లులే ముందు వరుసలో నిలుస్తాయి. భవనం యజమానిదే కావచ్చు, అప్పు బ్యాంకుదే కావచ్చు. లోపల ఉన్న సరుకు మాత్రం రైతుది. ధర లేనప్పుడు మిర్చి టిక్కీలను ఏసీలో పెట్టి, ఆ రసీదు మీద అప్పు తెచ్చుకుని మరుసటి సేద్యానికి దిగే కుటుంబాలు జిల్లాలో కొల్లలు. ఆ కుటుంబాల ఏడాది కష్టమంతా ఆ కప్పు కిందనే ఉంటుంది.

సావర్ నేర్పిన పాఠం

భవనాన్ని చూడడం ఎంత ముఖ్యమో, చూసినవారి మాటను చెవిన పెట్టడం అంతకంటె ముఖ్యమని చాటిన ఘటన బంగ్లాదేశ్‌లో జరిగింది. ఢాకా సమీపంలోని సావర్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనం ఉండేది. కింద దుకాణాలు, ఒక బ్యాంకు శాఖ. పైన దుస్తులు కుట్టే కర్మాగారాలు. దుకాణాలకు, కార్యాలయాలకు ఉద్దేశించి కట్టిన ఆ భవనం మీదికి బరువైన యంత్రాలను, జనరేటర్లను ఎక్కించారు. అనుమతి లేకుండా అదనపు అంతస్తులు లేపారు.

2013 ఏప్రిల్ 23న గోడలలో, స్తంభాలలో పెద్ద బీటలు కనిపించాయి. పరిశీలించిన ఇంజనీరు భవనం క్షేమం కాదని చెప్పాడు. కింద ఉన్న బ్యాంకు తన సిబ్బందిని వెంటనే బయటకు పంపివేసింది. దుకాణాలు మూతపడ్డాయి. కర్మాగారాల యాజమాన్యాలు మాత్రం మర్నాడు కార్మికులను పనిలోకి పిలిపించాయి. 24వ తేదీ ఉదయం కరెంటు పోయి జనరేటర్లు అందుకున్న కొద్ది సేపటికే భవనం మొత్తం కూలిపోయింది. 1,134 మంది ప్రాణాలు కోల్పోయారు. సుమారు 2,500 మంది గాయపడ్డారు.

ఇక్కడ బీట కనిపించలేదని గాని, నిపుణుడు చెప్పలేదని గాని అనడానికి వీలు లేదు. బీట అందరికీ కనిపించింది. ఆ బీటను చూసి బయటకు నడిచే స్వేచ్ఛ బ్యాంకు సిబ్బందికి ఉన్నది, కార్మికులకు లేదు. అంతే తేడా.

భవనానికి వైద్య పరీక్ష

భవనాల స్థితిని అప్పు ఇచ్చేవారి కోసం, పెట్టుబడి పెట్టేవారి కోసం పరీక్షించడం అమెరికాలో ఒక క్రమమైన వృత్తిగా స్థిరపడింది. ఆ పరీక్ష ఎలా జరగాలో నిర్దేశిస్తూ అక్కడి ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం 1999లో ఒక పద్ధతిని ప్రకటించింది. పరీక్షకుడు ముందుగా ప్లాను, అనుమతులు, మరమ్మతుల లెక్కలు చూస్తాడు. భవనాన్ని చూసుకునే వారితో మాట్లాడతాడు. ఆ తరువాత కప్పు నుంచి పునాది దాకా, కరెంటు నుంచి మురుగు కాలువ దాకా కలియ తిరుగుతాడు. చివరకు వెంటనే చేయవలసిన మరమ్మతులు, కొద్దికాలంలో చేయవలసినవి, రాబోయే సంవత్సరాలలో తప్పనివి అని విడదీసి, దేనికెంత ఖర్చవుతుందో పట్టిక వేసి ఇస్తాడు. మరమ్మతులకు కావలసిన సొమ్మును అప్పులోంచి విడిగా ఉంచి, పని పూర్తయ్యాకనే విడుదల చేసే ఆనవాయితీ కూడా అక్కడ ఉన్నది.

గోడలు పగలగొట్టకుండా, కంటితో చూసి చేసే పరీక్ష ఇది. అనుమానం వచ్చిన చోట సాధనాలు పనిచేస్తాయి. కాంక్రీటును స్ప్రింగు సుత్తితో కొట్టి, అది ఎంత వెనక్కు ఎగురుతుందో చూసి పైపొర గట్టిదనాన్ని అంచనా వేస్తారు. శబ్ద తరంగాలను పంపి లోపలి డొల్లతనాన్ని కనిపెడతారు. తాజాగా పగిలిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ అనే ద్రవం చల్లితే ఆరోగ్యంగా ఉన్నంత మేర గులాబీ రంగు వస్తుంది. రంగు రాని చోట ఇనుముకు కాంక్రీటు ఇచ్చే రక్షణ పోయిందని గుర్తు. ఈ పరీక్షలు మన దేశంలోనూ చేస్తున్నారు. చేయించేవారే తక్కువ.

బీటలన్నీ ఒకటి కావు

గోడ పూత మీద వెంట్రుక వాసి సన్నగా, వలలాగా పరుచుకున్న నెర్రెలు సాధారణంగా సిమెంటు ఆరినప్పుడు పడేవి. వాటికి భయపడనక్కరలేదు. తలుపు మూలల నుంచి ఏటవాలుగా, ఇటుకల వెంబడి మెట్లు మెట్లుగా పాకే బీట పునాది ఒకవైపు దిగుతున్నదని చెబుతుంది. తడికి ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే మన నల్లరేగడి నేలల్లో ఈ రకాన్ని తేలికగా తీసుకోరాదు. దూలం అడుగున ఊచల వెంబడి బీట పడి, ఎర్రటి చారలు దిగి, పెచ్చులు ఊడుతున్నాయంటే లోపల ఇనుము తుప్పు పడుతున్నది. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును లోపలి నుంచే పగలగొడుతుంది. దాని మీద సున్నం వేస్తే మరక కనిపించదు, తుప్పు ఆగదు.

శీతల గిడ్డంగుల సంగతి మరింత జాగ్రత్తగా చూడవలసి ఉన్నది. చలి నిలవడానికి గోడలలో అమర్చే థర్మోకోలు వంటి సరుకు సులువుగా అంటుకుంటుంది. పాత కరెంటు తీగలు తోడైతే చెప్పనక్కరలేదు. అమ్మోనియా గొట్టాల లీకు మరొక ప్రమాదం. జిల్లాలో శీతల గిడ్డంగులు తగలబడిన సందర్భాలు ఉన్నాయి. సరుకు బూడిదయ్యాక రైతులు పరిహారం కోసం తిరగవలసి రావడం ఎవరికీ తెలియని విషయం కాదు.

చిక్కు ఎక్కడ ఉన్నది?

అసలు చిక్కు సాధనాలు లేకపోవడం కాదు. రోడ్డు పక్క స్థలం ధర ఏటేటా పెరుగుతున్నది. కట్టడం బలహీనపడినా స్థలం విలువే అప్పును కప్పివేస్తుంది. రేపు కప్పు కూలినా బ్యాంకు స్థలాన్ని వేలం వేసి బాకీ రాబట్టుకోగలదు. లోపలి టిక్కీలకు, హమాలీ ప్రాణానికి ఆ వేలంలో వాటా లేదు. కనుక అప్పుకు సరిపోయే పూచీ, కప్పు కింద ఉన్నవారికి సరిపోయే పూచీ ఒకటి కావు.

రెండవ చిక్కు నివేదిక చేరే చోటు. పరీక్ష చేయించి డబ్బు చెల్లించినవారికే నివేదిక అందుతుంది. కప్పు కింద పనిచేసేవారికి, సరుకు పెట్టినవారికి అది కనిపించదు. రాణా ప్లాజా తరువాత 2013 మేలో దుస్తుల కంపెనీలు, కార్మిక సంఘాలు కుదుర్చుకున్న ఒప్పందం ఈ లోపాన్నే సరిదిద్దింది. దాని కింద 1,600కు పైగా కర్మాగారాలను ఇంజనీర్లు తనిఖీ చేశారు. నివేదికలను బహిరంగపరచడం షరతు. క్షేమం కాని భవనంలో పనికి వెళ్లనని చెప్పే హక్కు కార్మికునికి దక్కింది. ఆ రెండు షరతులే లేకుంటే ఆ తనిఖీలు కూడా బీరువాలలోనే ఉండిపోయేవి.

మన దేశంలో 2007 నాటి గిడ్డంగుల చట్టం కింద ఏర్పడిన ప్రాధికార సంస్థ తనవద్ద నమోదు కోరే గోదాములను తనిఖీ చేయిస్తున్నది. అలా నమోదైన గోదాము రసీదును బ్యాంకులు తాకట్టుకు తీసుకుంటాయి. ఇది మేలైన మార్గమే. అయితే ప్రతి గోదామూ ఇందులో నమోదైనది కాదు. శిథిలమైన భవనాలను ఖాళీ చేయించే అధికారం పట్టణాలలో మునిసిపల్ కమిషనర్లకు ఉన్నది. ఆ అధికారం ప్రమాదం జరిగిన మర్నాడు గాక ముందే కదలాలి.

ఏమి చేయవచ్చు?

సరుకు దించే ముందు రైతు అడగవలసినవి నాలుగు. గోదాము నమోదైనదా? అగ్నిమాపక శాఖ అనుమతి అమలులో ఉన్నదా? బీమా భవనానికి మాత్రమేనా, లోపలి సరుకుకు కూడానా? ఇంజనీరు చివరిసారి ఎప్పుడు చూశాడు, ఏమని రాశాడు? ఒక్క రైతు అడిగితే విసుక్కునే యజమాని, ఊరంతా అడిగితే కాగితం తీయక తప్పదు. సహకార సంఘాలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ఈ పని తేలికగా చేయగలవు.

బ్యాంకుల వంతు కూడా ఉన్నది. వందలాది రైతుల సరుకు నిలవచేసే భవనానికి అప్పు ఇచ్చేటప్పుడు యజమానితో సంబంధం లేని ఇంజనీరు చేత పరీక్ష చేయించి, అందులోని ముఖ్యాంశాలను గోదాము గుమ్మం వద్ద తెలుగులో అతికించాలని షరతు పెట్టడం వాటికి కష్టం కాదు. ఆ ఖర్చు ఒక్క గది నిండా ఉన్న మిర్చి విలువతో పోలిస్తే లెక్కలోనిది కాదు.

పొలం కొనేముందు నేల తవ్వి మట్టి చూసే అలవాటు రైతుకు ఉన్నది. పంటను అప్పగించే కప్పును కూడా ఒకసారి తల ఎత్తి చూడడం ఇకనైనా అలవాటు కావాలి.